పంచాయతీ ఓటర్ల జాబితా: ఎవరిని, ఎప్పుడు, ఎలా అడగాలి

పంచాయతీ ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ గ్రామాల్లో రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. అసెంబ్లీకి ఓటు వేసిన మనిషికి సర్పంచి ఎన్నికలో ఓటు ఎందుకు లేకుండా పోయింది అన్నది ఒకటి. ఒకే ఇంట్లో ఉంటున్న నలుగురిలో ఇద్దరు మూడో వార్డులోకి, ఇద్దరు ఐదో వార్డులోకి ఎలా వెళ్లారు అన్నది రెండోది. అడిగితే పంచాయతీ కార్యదర్శి తహశీల్దారు కార్యాలయాన్ని చూపిస్తారు, అక్కడివారు ఎంపీడీఓ కార్యాలయాన్ని చూపిస్తారు. ఇంతలో పోలింగ్ రోజు వచ్చేస్తుంది. నిజానికి ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం చెప్పవలసిన అధికారి ఎవరో, ఏ గడువులోగా చెప్పాలో చట్టంలోనే ఉంది. ఆ క్రమం తెలుసుకుని తగిన అధికారిని తగిన సమయంలో లిఖితపూర్వకంగా అడిగితే చాలావరకు పని జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాల్లోని ఓటరు అలా అడగడానికి ఉపయోగపడే వివరాలను ఇక్కడ ఇస్తున్నాను.

రెండు సంఘాలు, ఒకే జాబితా

లోక్‌సభ, శాసనసభ ఎన్నికలు జరిపేది రాజ్యాంగం 324వ అధికరణం కింద ఏర్పడిన భారత ఎన్నికల సంఘం. పంచాయతీ ఎన్నికలు జరిపేది 243-కె అధికరణం కింద, పురపాలక ఎన్నికలు జరిపేది 243-జడ్ఎ అధికరణం కింద పనిచేసే రాష్ట్ర ఎన్నికల సంఘం. ఇవి వేర్వేరు సంస్థలు. పంచాయతీ ఓటర్ల జాబితా తయారీ మీద పర్యవేక్షణ, నియంత్రణ పూర్తిగా రాష్ట్ర సంఘానివేనని 243-కె అధికరణం చెబుతుంది. ఈ ఎన్నికలకు సంబంధించిన మిగతా విషయాలపై చట్టం చేసే అధికారాన్ని అదే అధికరణం రాష్ట్ర శాసనసభకు ఇచ్చింది. ఆ అధికారంతో వచ్చినవే ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994, తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018. పట్టణాల్లో ఉండేవారికి ఆంధ్రప్రదేశ్‌లో 1965 నాటి పురపాలక సంఘాల చట్టం, తెలంగాణలో 2019 నాటి పురపాలక చట్టం వర్తిస్తాయి. కార్పొరేషన్లకు ప్రత్యేక చట్టాలున్నాయి.

సంఘాలు రెండయినా ఓటర్ల పేర్లను రెండుసార్లు నమోదు చేయరు. గ్రామ పంచాయతీ ఓటర్ల జాబితా అంటే అసెంబ్లీ నియోజకవర్గ ఓటర్ల జాబితాలో ఆ గ్రామానికి సంబంధించిన భాగమేనని ఆంధ్రప్రదేశ్ చట్టం 11వ సెక్షన్ నిర్దేశిస్తుంది. తెలంగాణలోనూ పద్ధతి ఇదే. అంటే, ఒక నిర్ణీత అర్హత తేదీ (18 ఏళ్లు నిండాయో లేదో లెక్కించే తేదీ) నాటికి అసెంబ్లీ జాబితాలో ఉన్న పేర్లను తీసుకుని, వాటిని పంచాయతీ వార్డుల వారీగా విడదీసి ప్రచురిస్తారు. మూల జాబితాలో లేని పేరు పంచాయతీ జాబితాలో ఉండదు. మూల జాబితాలో ఉన్న పేరు పంచాయతీ జాబితాలో వేరే వార్డులో పడవచ్చు, లేదా విడదీసేటప్పుడు జారిపోవచ్చు. మీ సమస్య ఈ రెండు రకాల్లో ఏదో ముందుగా తేల్చుకోవాలి, ఎందుకంటే వెళ్లవలసిన కార్యాలయం దాన్ని బట్టే మారుతుంది.

అర్హత తేదీ ఎంత ముఖ్యమో 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు చూపించాయి. సవరించిన కొత్త జాబితా సిద్ధంగా లేకపోవడంతో ఆ ఎన్నికలు 2019 నాటి జాబితాతోనే జరిగాయి. ఆ మధ్యకాలంలో 18 ఏళ్లు నిండి అసెంబ్లీ జాబితాలో కొత్తగా చేరిన యువతీయువకులు తమ సొంత ఊరి సర్పంచిని ఎన్నుకునే అవకాశం కోల్పోయారు. జాబితాను సకాలంలో అందజేయలేదంటూ అప్పటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ పంచాయతీరాజ్ శాఖ ఉన్నతాధికారులపై అభిశంసన చర్యకు పూనుకున్నారు. అధికారుల మీద చర్య తీసుకున్నంత మాత్రాన ఆ యువతకు ఓటు తిరిగి రాలేదు. కాబట్టి పంచాయతీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా, ఎన్నికలు లేని రోజుల్లోనే అసెంబ్లీ జాబితాలో పేరు సరిచూసుకోవాలి.

ఏ పని ఏ అధికారిది

అసెంబ్లీ జాబితాకు చట్టరీత్యా బాధ్యుడు ఓటర్ల నమోదు అధికారి. వాడుకలో ఈఆర్‌ఓ అంటారు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 13-బి సెక్షన్ కింద నియమితులయ్యే ఈ అధికారి మన జిల్లాల్లో ఎక్కువగా ఆర్డీఓ గానీ ఆ స్థాయి డిప్యూటీ కలెక్టరు గానీ అయి ఉంటారు. వారి కింద సహాయ అధికారులుగా తహశీల్దార్లు, పోలింగ్ కేంద్రం స్థాయిలో బీఎల్‌ఓలు, అంటే బూత్ స్థాయి అధికారులు, పనిచేస్తారు. పైన జిల్లా ఎన్నికల అధికారిగా కలెక్టరు, రాష్ట్ర స్థాయిలో ముఖ్య ఎన్నికల అధికారి ఉంటారు. బీఎల్‌ఓ అంటే మీ ఊరి అంగన్‌వాడీ కార్యకర్తో, ఉపాధ్యాయుడో, మరో ప్రభుత్వ ఉద్యోగో అయి ఉంటారు. ఇంటింటి పరిశీలన వారు చేస్తారు, నివేదిక వారు ఇస్తారు. పేరు చేర్చే అధికారం, తొలగించే అధికారం మాత్రం వారికి లేవు. "బీఎల్‌ఓ తీసేశారు" అన్న మాట ఊళ్లో చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, తొలగింపు ఉత్తర్వు మీద సంతకం నమోదు అధికారిది. ఫిర్యాదులో రాయవలసింది కూడా వారి హోదానే.

పంచాయతీ జాబితా విషయంలో వరుస వేరు. జిల్లా ఎన్నికల అథారిటీ హోదాలో కలెక్టరు, వారి కింద జిల్లా పంచాయతీ అధికారి, మండలంలో ఎంపీడీఓ, గ్రామంలో పంచాయతీ కార్యదర్శి ఉంటారు. వార్డుల వారీ ముసాయిదాను పంచాయతీ కార్యాలయంలోనూ మండల పరిషత్ కార్యాలయంలోనూ ప్రజలు చూసేలా ప్రదర్శించడం, అభ్యంతరాలు స్వీకరించడం, వాటిని పరిష్కరించి తుది జాబితా ప్రచురించడం ఈ వరుసలోని వారి విధి. ఏ తేదీ వరకు, ఏ అధికారికి అభ్యంతరం ఇవ్వాలో ముసాయిదా నోటీసులోనే రాసి ఉంటుంది. జాబితాలో పేరు వెతకడానికి ముందు ఆ నోటీసును ఫోన్‌తో ఫొటో తీసుకోవడం మంచి పద్ధతి. గడువు విషయంలో తరువాత వాదన వస్తే అదే ఆధారంగా నిలుస్తుంది.

జాబితాను ఎలా చూడాలి

అసెంబ్లీ జాబితాలో పేరు ఉందో లేదో తెలుసుకోవడానికి భారత ఎన్నికల సంఘం ఓటరు సేవల పోర్టల్‌లోనో సంఘం యాప్‌లోనో ఎపిక్ నంబరుతో, అంటే ఓటరు గుర్తింపు కార్డు మీద ఉండే నంబరుతో, వెతకవచ్చు. 1950 నంబరుకు ఫోన్ చేసి కూడా అడగవచ్చు. గుర్తింపు కార్డు చేతిలో ఉంటే ఓటు ఉన్నట్టేనన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. కార్డు ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు వేయనివ్వరు. జాబితాలో పేరు ఉండి కార్డు పోయినట్టయితే సంఘం అనుమతించిన ఇతర గుర్తింపు పత్రాలతో ఓటు వేయవచ్చు.

పేరు కనబడగానే ఆపేయకుండా పోలింగ్ కేంద్రం భాగం నంబరు, వరుస సంఖ్య, ఇంటి నంబరు రాసిపెట్టుకోవాలి. పంచాయతీ వార్డుల విభజన ఇంటి నంబర్ల ఆధారంగా జరుగుతుంది గనుక, అసెంబ్లీ జాబితాలో ఇంటి నంబరు తప్పుగా ఉన్న మనిషి పంచాయతీ జాబితాలో పొరుగు వార్డులోకి వెళ్లిపోయే అవకాశం ఎక్కువ. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకున్న కుటుంబాలు, అన్నదమ్ములు వేరుపడి ఒకే ప్రాంగణంలో రెండు నంబర్లు పొందినవారు, కొత్త కాలనీకి మారినవారు ముఖ్యంగా ఈ వివరం సరిచూసుకోవాలి. జనాభాను బట్టి పంచాయతీలో 5 నుంచి 21 వరకు వార్డులు ఉంటాయి. చిన్న వార్డుల్లో పది ఓట్లు అటూఇటూ అయినా ఫలితం తారుమారవుతుంది కాబట్టి, వార్డు సభ్యుడిగా పోటీ చేయాలనుకునేవారు తమ ఒక్క పేరుతో సరిపెట్టుకోకుండా వార్డు జాబితా మొత్తాన్ని ఇంటింటి లెక్కతో పోల్చుకోవడం ఉత్తమం.

ఆన్‌లైన్‌లో దొరికే అసెంబ్లీ జాబితాలు బొమ్మల రూపంలో ఉంటాయి, వాటిలో పదం టైపు చేసి వెతకడం కుదరదు. వెతకడానికి వీలైన రూపంలో జాబితా ఇవ్వాలన్న అభ్యర్థనను సుప్రీంకోర్టు 2018లో తోసిపుచ్చింది. పెద్ద భాగాలను ఓపికగా పేజీ పేజీ చదవక తప్పదు. ఇద్దరు కూర్చుని, ఒకరు చదువుతూ ఒకరు గుర్తు పెడుతూ పోతే పని తేలికవుతుంది. జాబితా చివర ఉండే అనుబంధాలను చాలామంది వదిలేస్తారు. కొత్తగా చేరినవి, తొలగించినవి, సవరించినవి అక్కడే విడిగా ఉంటాయి. ప్రధాన జాబితాలో కనిపించిన పేరు అనుబంధంలో తొలగింపు కింద ఉండవచ్చు.

ఏ తప్పుకు ఏ దరఖాస్తు

మూల జాబితాలో పేరే లేకపోతే, మొదటిసారి నమోదు చేసుకునేవారు ఫారం-6 ఇవ్వాలి. ఇల్లు మారినవారు, పేరులోనో వయసులోనో తప్పు దిద్దుకోవలసినవారు, కార్డు పోగొట్టుకున్నవారు ఫారం-8 ఇవ్వాలి. 2022 నుంచి చిరునామా మార్పుకు కూడా ఫారం-8 వాడాలి, పాత అలవాటుతో ఫారం-6 ఇస్తే పని ఆలస్యమవుతుంది. ఒక పేరు మీద అభ్యంతరం చెప్పడానికి, మరణించిన వారి పేరు తీయించడానికి ఫారం-7 ఉంది. విదేశాల్లో ఉంటూ భారత పౌరసత్వం నిలుపుకున్న తెలుగువారు ఫారం-6ఏ ద్వారా తమ పాస్‌పోర్టులోని స్వదేశీ చిరునామా ఉన్న నియోజకవర్గంలో నమోదు కావచ్చు, అయితే ఓటు వేయడానికి స్వయంగా రావాలి. ఇతర దేశ పౌరసత్వం తీసుకున్నవారికి, ఓసీఐ (విదేశాల్లోని భారత సంతతివారికి ఇచ్చే) కార్డు ఉన్నా, ఈ హక్కు లేదు.

అర్హత తేదీలు ఇప్పుడు ఏడాదికి నాలుగు: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1. 17 ఏళ్లు దాటినవారు ముందుగానే దరఖాస్తు ఇచ్చుకోవచ్చు, 18 నిండిన తరువాత వచ్చే అర్హత తేదీకి వారి పేరు పరిశీలనకు వస్తుంది.

ఆధార్ గురించి ఒక మాట చెప్పాలి. ఆధార్ లేదన్న కారణంతో కార్యాలయాల్లో దరఖాస్తును పక్కన పెట్టడం జరుగుతూ ఉంటుంది. తగిన కారణం వల్ల ఆధార్ నంబరు ఇవ్వలేకపోయిన వారి దరఖాస్తును తిరస్కరించరాదని, ఉన్న పేరును తొలగించరాదని ఎన్నికల చట్టాలకు 2021లో చేసిన సవరణలోనే ఉంది. నంబరు ఇవ్వడం తప్పనిసరి కాదని ఎన్నికల సంఘం 2023లో సుప్రీంకోర్టుకు తెలిపింది. వయసుకు, నివాసానికి ఇతర ఆధారాలు జతచేసి, దరఖాస్తు తీసుకోవాలని మర్యాదగానే గట్టిగా అడగవచ్చు.

సొంత ఊళ్లో ఇల్లు ఉండి నగరంలో బతుకుతున్నవారి సంగతి కొంచెం చిక్కైనది. ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ సాధారణ నివాసి కాలేరని 1950 చట్టం 20వ సెక్షన్ అంటుంది. తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన నివాసం పోదని కూడా అదే సెక్షన్ అంటుంది. వేసవిలో పనుల కోసం వలస వెళ్లి తిరిగివచ్చే పాలమూరు కూలీకి రెండో వాక్యం అండగా నిలుస్తుంది. హైదరాబాదులో స్థిరపడి అక్కడ ఓటు తెచ్చుకుని, పండక్కి వచ్చినప్పుడు ఊళ్లో కూడా ఓటు ఉంచుకోవాలనుకునే వారికి మొదటి వాక్యం అడ్డం వస్తుంది. రెండు చోట్ల పేరు ఉండరాదని 17, 18 సెక్షన్లు చెబుతున్నాయి, తెలిసి అబద్ధపు ప్రకటన ఇస్తే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు శిక్ష గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఈ విషయంలో మన ఊళ్లలో ఉన్న ఉదారత చట్టంలో లేదు. ఎక్కడో ఒక చోట ఉంచుకుని రెండోది తామే తీయించుకోవడం మేలు.

మూల జాబితాలో అంతా సరిగానే ఉండి పంచాయతీ ముసాయిదాలో మాత్రమే తప్పు జరిగితే ఈ ఫారాలేవీ అక్కర్లేదు. అసెంబ్లీ జాబితాలోని పేజీ నకలు జతచేసి, తెల్ల కాగితం మీద అభ్యంతరం రాసి, నోటీసులో పేర్కొన్న అధికారికి ఇస్తే సరిపోతుంది. వార్డు మార్పులు, విడదీసేటప్పుడు జారిపోయిన పేర్లు, అచ్చుతప్పులు ఆ స్థాయిలోనే సరిదిద్దుతారు. కొత్త పేర్లు చేర్చడం, ఉన్న పేర్లు తీసేయడం వారి చేతిలో లేదు. ఇలా రాయవచ్చు:

"ఫలానా గ్రామ పంచాయతీ వార్డుల వారీ ముసాయిదా ఓటర్ల జాబితాలో నా పేరు 5వ వార్డులో నమోదైంది. నా ఇంటి నంబరు 3వ వార్డు పరిధిలోనిది. అసెంబ్లీ జాబితాలో నా భాగం సంఖ్య, వరుస సంఖ్య, ఇంటి నంబరు ఈ కింద ఇచ్చాను, నకలు జతపరిచాను. నా కుటుంబంలోని మిగతా ఓటర్లు 3వ వార్డులోనే ఉన్నారు. తుది జాబితా ప్రచురణకు ముందే నా పేరును 3వ వార్డులోకి మార్చి, తీసుకున్న నిర్ణయాన్ని నాకు లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను."

చివరి వాక్యం వదలవద్దు. నిర్ణయం కాగితం మీద ఉంటేనే పై అధికారి దగ్గరకు వెళ్లడానికి దారి ఉంటుంది. దరఖాస్తు రెండు ప్రతులు తీసుకువెళ్లి, మీ ప్రతి మీద కార్యాలయం ముద్ర, తేదీ, సంతకం వేయించుకోవాలి. ఆన్‌లైన్‌లో ఇస్తే రిఫరెన్స్ నంబరు భద్రపరచుకోవాలి. కార్యాలయంలో తీసుకోవడానికి వెనకాడితే స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు ఉంచుకోవచ్చు, లేదా తెలంగాణలో సోమవారం ప్రజావాణిలోనూ, ఆంధ్రప్రదేశ్‌లో సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ కలెక్టరు కార్యాలయానికే ఇవ్వవచ్చు. గడువు రెండు మూడు రోజులే ఉన్నప్పుడు పోస్టును నమ్ముకోకుండా నేరుగా వెళ్లడం మంచిది.

పేరు తొలగిస్తే

ఈ విషయంలోనే ఓటరుకు చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చింది, మనం తక్కువగా వాడుకుంటున్నదీ ఇక్కడే. ఒక పేరు మీద ఫారం-7 రావడంతోనే తొలగింపు జరగకూడదు. అభ్యంతరం చెప్పే వ్యక్తి అదే నియోజకవర్గ జాబితాలో ఓటరై ఉండాలి. 1960 నాటి ఓటర్ల నమోదు నియమాల ప్రకారం వచ్చిన దరఖాస్తుల జాబితాలను నమోదు అధికారి తన నోటీసు బోర్డు మీద ఉంచాలి: చేర్పులకు ఫారం-9, అభ్యంతరాలకు ఫారం-10, సవరణలకు ఫారం-11. ఎవరి పేరు మీద అభ్యంతరం వచ్చిందో వారికి విచారణ నోటీసు ఇచ్చి, వారి మాట విని, ఆ తరువాతే నిర్ణయించాలి. అధికారి తనంతట తాను తొలగించాలనుకున్నా, ఓటరు ఊళ్లో ఉండటం లేదన్న కారణం చూపేటప్పుడు సంజాయిషీ ఇచ్చుకునే అవకాశం కల్పించాలి. జాబితాలో ఒకసారి చేరిన పేరు సక్రమంగానే చేరిందని భావించాలని, తగిన నోటీసు, ఆధారం లేకుండా తొలగించరాదని లాల్‌బాబు హుస్సేన్ కేసులో 1995లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఈ నియమాలు కాగితానికే పరిమితమైతే ఏం జరుగుతుందో ఇరు రాష్ట్రాలూ చూశాయి. 2015లో ఆధార్ అనుసంధానంతో జాబితాల ప్రక్షాళన చేపట్టినప్పుడు హైదరాబాదులో పెద్ద ఎత్తున పేర్లు పోయాయి. 2018 డిసెంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికల రోజున పోలింగ్ కేంద్రాల దాకా వెళ్లి పేరు లేక వెనుదిరిగిన వారికి అప్పటి రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పవలసి వచ్చింది. 2019 ఎన్నికలకు ముందు ఆంధ్రప్రదేశ్‌లో లక్షల సంఖ్యలో ఫారం-7 దరఖాస్తులు వచ్చిపడ్డాయి. వాటిలో తమ పేరు వాడుకుని ఇతరులు ఇచ్చినవి ఉన్నాయని జనం ఫిర్యాదు చేశారు, పోలీసు కేసులు నమోదయ్యాయి. అనంతపురం జిల్లా ఉరవకొండ నియోజకవర్గంలో పద్ధతి పాటించకుండా పేర్లు తొలగించిన వ్యవహారంలో ఎన్నికల సంఘం ఆదేశాల మీద 2023లో అధికారులు సస్పెండయ్యారు. ఉరవకొండలో ఆ ఫలితం వచ్చింది ఫిర్యాదుదారులు ఏ పేరు, ఏ కారణం మీద, ఏ విచారణతో తొలగించారన్న లెక్క అడిగినందువల్లే. సభల్లో చేసే ఆరోపణల కంటే అలా అడిగిన లెక్కకే అధికారులు ఎక్కువ జవాబుదారులవుతారు.

మీ పేరు పోయిందని తెలియగానే రెండు పనులు ఒకేసారి చేయాలి. పేరు తిరిగి చేర్చమని ఫారం-6 ఇవ్వడం ఒకటి. తొలగింపుకు దారితీసిన కాగితాలు అడగడం మరొకటి. మొదటిది చేసి రెండోది వదిలేస్తే ఓటు వస్తుంది గానీ, పేరు ఎందుకు పోయిందో తెలియదు, మళ్లీ పోవచ్చు. జాబితాకు సంబంధించిన దరఖాస్తులు, అభ్యంతరాలు, విచారణ కాగితాలు నమోదు అధికారి కార్యాలయంలో భద్రపరచాలని 32వ నియమం చెబుతుంది. వాటిని పరిశీలించి, నిర్ణీత రుసుముతో ధ్రువీకరించిన నకళ్లు పొందే హక్కు ప్రతి వ్యక్తికీ ఉందని 33వ నియమం చెబుతుంది. ఓటర్లే కాదు, పార్టీ ఏజెంట్లే కాదు, ప్రతి వ్యక్తికీ. దరఖాస్తులో 33వ నియమం పేరు రాసి, మీ మీద వచ్చిన ఫారం-7, బీఎల్‌ఓ క్షేత్ర నివేదిక, మీకు పంపిన నోటీసు, అది అందినట్టు రుజువు, తుది ఉత్తర్వు, ఈ ఐదు నకళ్లు విడివిడిగా కోరాలి. నోటీసు అందినట్టు రుజువు లేకపోతే తొలగింపు నిలవడం కష్టం.

సమాచార హక్కు చట్టం కూడా ఉంది. ఇరు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై స్థాయికి 10 రూపాయలు. జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తరువాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేయవచ్చు. అయితే పంచాయతీ ముసాయిదా మీద అభ్యంతరాల గడువు కొన్ని రోజులే ఉంటుంది గనుక, ఈ చట్టంతోనే మొదలుపెట్టడం పొరపాటు లెక్క. గడువులో పని కావాలంటే 33వ నియమం వాడాలి. జరిగినదాని వివరం, ఎన్ని ఫారం-7లు వచ్చాయి, ఎన్నింటిలో విచారణ జరిగింది వంటివి కావాలంటే సమాచార హక్కు చట్టం వాడాలి.

అప్పీలు, అధికారుల మీద చర్య

నమోదు అధికారి నిర్ణయం మీద 15 రోజుల్లో జిల్లా మెజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు, మొదటి అప్పీలు చేసుకోవచ్చు. ఆ నిర్ణయం మీద 30 రోజుల్లో రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి రెండో అప్పీలు ఉంటుంది. నామినేషన్ల ఆఖరి తేదీ దాటిన తరువాత, ఎన్నిక పూర్తయ్యేదాకా అసెంబ్లీ జాబితాలో చేర్పులు, మార్పులు, తొలగింపులు చేయరాదని 1950 చట్టం 23వ సెక్షన్ కట్టడి పెట్టింది. పంచాయతీ జాబితా విషయంలో రాష్ట్ర సంఘం తన నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీ లెక్కకు వస్తుంది, అప్పటికి అసెంబ్లీ జాబితాలో చేరిన పేర్లే అనుబంధంగా కలుస్తాయి. ఎన్నికల ప్రక్రియ మొదలయ్యాక కోర్టులు కలగజేసుకోవడాన్ని 243-ఓ అధికరణం పరిమితం చేస్తుంది, కాబట్టి ఆ తరువాత హైకోర్టును నమ్ముకుని కూర్చోవడం తెలివైన పని కాదు.

జాబితా పనిలో ఉన్న అధికారి సరైన కారణం లేకుండా తన విధిని ఉల్లంఘిస్తే 1950 చట్టం 32వ సెక్షన్ కింద మూడు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు జైలు, జరిమానా పడవచ్చు. అయితే ఎన్నికల సంఘం గానీ ముఖ్య ఎన్నికల అధికారి గానీ అనుమతించిన ఫిర్యాదు మీద తప్ప కోర్టు ఆ కేసును స్వీకరించదు. ఓటరు నేరుగా మెజిస్ట్రేటు కోర్టుకు వెళ్లి ప్రయోజనం లేదు. జాబితా పని జరిగే కాలంలో ఈ సిబ్బంది ఎన్నికల సంఘానికి డెప్యుటేషన్ మీద ఉన్నట్టు 13-సిసి సెక్షన్ భావిస్తుంది కాబట్టి ఫిర్యాదును వారి మాతృశాఖకు కాకుండా ముఖ్య ఎన్నికల అధికారికే రాయాలి. పంచాయతీ జాబితా విషయంలో ఆ చిరునామా రాష్ట్ర ఎన్నికల కమిషనర్. ఏ తేదీన ఏ దరఖాస్తు ఇచ్చారు, ఏ నియమం ప్రకారం ఏం చేయవలసి ఉంది, ఏం చేయలేదు అన్న మూడు విషయాలు తేదీలతో ఒక పేజీలో రాస్తే చాలు. అధికారి ఏ పార్టీకి అనుకూలమో అన్న అనుమానాలు ఆ పేజీలో చేరిస్తే అసలు సంగతి పలచబడుతుంది.

అభ్యర్థుల గురించి తెలుసుకోవడం

పోటీ చేసేవారి కేసులు, ఆస్తులు, చదువు తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని సుప్రీంకోర్టు 2002లోనూ 2003లోనూ చెప్పింది. స్థానిక ఎన్నికల్లో కూడా అభ్యర్థులు స్వీయ ప్రకటన ఇవ్వాలని రాష్ట్ర సంఘాలు కోరుతున్నాయి. సర్పంచి అభ్యర్థుల ప్రకటనలు, నామినేషన్లు తీసుకునే రిటర్నింగ్ అధికారి నోటీసు బోర్డు మీద ఉంటాయి. నామినేషన్లు వేసే కేంద్రం మీ ఊళ్లో కాకుండా పక్క ఊళ్లో ఉండవచ్చు, రెండు మూడు పంచాయతీలకు కలిపి ఒకటే పెడతారు. అక్కడికి వెళ్లి ఫొటోలు తీసుకుని గ్రామంలో పంచితే సరిపోతుంది. ఇవి బహిరంగ పత్రాలు, ఎవరూ అడ్డుచెప్పకూడదు. నామినేషన్ల పరిశీలన రోజున తప్పుడు వివరాల మీద అభ్యంతరం చెప్పేటప్పుడు ఆధారం కాగితం వెంట ఉండాలి.

ఫలితాలు వచ్చాక చూడవలసింది ఖర్చుల లెక్క. తెలంగాణలో గెలిచినవారూ ఓడినవారూ 45 రోజుల్లో తమ ఎన్నికల ఖర్చు వివరాలు సమర్పించాలి, ఇవ్వనివారిని రాష్ట్ర సంఘం అనర్హులుగా ప్రకటించవచ్చు. 46వ రోజున ఎంపీడీఓ కార్యాలయానికి 5 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు ఇచ్చి, లెక్కలు సమర్పించిన వారి జాబితాను, మీ వార్డు అభ్యర్థుల లెక్కల నకళ్లను కోరవచ్చు. నకలుకు పేజీకి 2 రూపాయలు అవుతుంది.